బరువెక్కిన చేతులకు ఆసరా



మానుకోట వైపు ఒక గ్రామములో మా సంఘపెద్ద ఒకరున్నారు. ఒక ఆదివారము ప్రభురాత్రి భోజనమునకు అందరూ ముందుకు వచ్చారు గాని ఆయన కూర్చున్న చోటు నుండి లేవలేదు. ఎవరి మీదనో కోపము ఉంచుకొని దూరముగా ఉన్నారని అనుకొన్నాను. మరునాడు ఇంటికి వెళ్లి ఆ మాటే అడిగాను. ఆయన భార్య కన్నీళ్లు పెట్టుకొన్నది.

"కోపం కాదు అయ్యగారూ. పొద్దున చేను దాకా నడిచి వచ్చిండు. గుడికొచ్చినంక కాళ్లు భూమికి అతుక్కుపోయినయి. ఊరోళ్లు నాటకమంటున్నరు. మీరు గూడ అట్లనే అంటే ఎట్ల?"

నేను సిగ్గుపడ్డాను. ఆ పెద్దాయనకు ఎనిమిదేళ్లుగా పార్కిన్సన్ వ్యాధి ఉన్నది.

ఇది నాటకము కాదు

1817లో జేమ్స్ పార్కిన్సన్ అను లండన్ వైద్యుడు ఈ వణుకు రోగమును గూర్చి వ్రాసెను. మన కదలికలను నడిపించే డోపమిన్ అను పదార్థమును తయారుచేసే మెదడు కణాలు క్రమముగా నశించుటయే ఈ వ్యాధి. లెవోడోపా మాత్ర ఆ కొరతను తీరుస్తుంది. అయితే కొన్నేళ్లు గడిచాక ఒక మాత్ర బలము తరువాతి మాత్ర వేళ వరకు నిలువదు. అప్పుడు మనిషి బిగుసుకుపోతాడు, అడుగు పడదు, మాట సన్నగిల్లుతుంది. వైద్యులు దీనిని 'ఆఫ్' సమయము అంటారు. బావి దగ్గర మోటరు బాగానే ఉన్నా కరెంటు పోతే నీళ్లు రావు గదా! ఇదియు అటువంటిదే. ఇందులో దయ్యము లేదు, సోమరితనము లేదు, విశ్వాసలోపము అంతకన్నా లేదు.

ఆ గడియకు ఒక సూది

ఇటువంటి గడియలో ఆదుకొనే సూదిమందు ఒకటున్నది. దాని పేరు అపోమార్ఫిన్. పేరులో మార్ఫిన్ ఉన్నా ఇది మత్తుకు అలవాటుచేసే మందు కాదు. మెదడులో డోపమిన్ చేసే పనిని ఇది చేస్తుంది. పొట్ట మీదనో తొడ మీదనో చర్మము క్రింద ఇస్తారు. సుమారు పది నిమిషాలలో పనిచేసి దాదాపు ఒక గంట నిలుస్తుంది. 1951లోనే అమెరికా వైద్యుడు రాబర్ట్ శ్వాబ్ దీనిని ఈ రోగులపై పరీక్షించెను. 2004లో ఆ దేశములో ఈ అవసరము కొరకు అనుమతి లభించినది. మన దేశములో పెద్ద నగరాల నరాల నిపుణుల ద్వారా దొరుకుతున్నది. ఖరీదు ఎక్కువే. ఇది రోగమును పోగొట్టదు, రోజువారీ మాత్రలకు బదులు కాదు. లెవోడోపాకు లొంగే రోగికే మేలు చేస్తుంది.

జాగ్రత్తలు తప్పనిసరి. మొదటి మోతాదు ఆసుపత్రిలోనే, బి.పి. చూస్తూ ఇవ్వాలి, ఎందుకనగా వాంతులు రావచ్చు, లేచి నిలబడగానే బి.పి. పడిపోవచ్చు. వాంతులకు ఏ మాత్ర వాడాలో గుండెను పరీక్షించి డాక్టరే నిర్ణయించాలి. వాంతులకు తరచుగా ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ దీనితో కలిపి వాడకూడదు. కనుక ఊరి ఆర్.ఎం.పి.కి కూడ ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. సూదిని నరములోనికి ఎన్నడును ఇవ్వరాదు. గడ్డలు కట్టకుండ ప్రతిసారి చోటు మార్చాలి. సాధారణముగా ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది; ఈ రెండు కొలతలు తారుమారైతే మోతాదు పది రెట్లవుతుంది. మందు ఆకుపచ్చగా మారితే పారవేయాలి.

చేయి ఎవరిది?

'ఆఫ్' వచ్చినవాని చేతులు బిగుసుకుపోతాయి. తన సూది తాను వేసుకొనుట కష్టము. కనుక ఇంటివారు నేర్చుకోవాలి. రెఫీదీములో మోషే చేతులు బరువెక్కినది విశ్వాసము తగ్గి కాదు, అలసి. అహరోను, హూరు పొద్దు గుంకే దాకా ఇరుప్రక్కల నిలిచి ఆ చేతులను పట్టుకొన్నారు (నిర్గమ 17). దేవుడు ఇచ్చిన జయములో ఆ ఇద్దరి చేతులకు కూడ పాలున్నది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల నుండి నరాల నిపుణుని చూడాలంటే వరంగల్‌కో హైదరాబాద్‌కో పోవాలి. పోయే ముందు ఒక వారము చిన్న పుస్తకములో మాత్ర వేళ, భోజన వేళ, కాళ్లు బిగిసిన వేళ వ్రాసి తీసుకొనిపోండి. ఆ కాగితము డాక్టరుకు ఎంతో చెబుతుంది. మాత్రను భోజనానికి అరగంట ముందు వేస్తే చాలమందికి బాగా పనిచేస్తుంది. పప్పు, మాంసము, పాలతో కలిస్తే ఆలస్యము కావచ్చు. డాక్టరు చెప్పనిదే మాత్రలు హఠాత్తుగా మానకూడదు, అది ప్రాణాపాయము. మన అడవులలోని దూలగొండి గింజలలో లెవోడోపా ఉన్నమాట నిజమే గాని, మాత్రలు వాడుతూ డాక్టరుకు చెప్పకుండ ఆ పొడి తినకూడదు.

మా సంఘపెద్ద విషయములో హైదరాబాద్ డాక్టరు మొదట మాత్రల వేళలు మార్చారు. అప్పటికిని తీరని 'ఆఫ్'కు సూది వ్రాసి, ఆయన కోడలికి నేర్పించారు. మొదట ఆ అమ్మాయి చేతులు మామగారి చేతులకన్న ఎక్కువగా వణికినవట! ఇప్పుడు ఆదివారము ఆరాధన మధ్య ఆయన బిగిసితే ప్రక్క గదిలో కోడలు సూది ఇస్తుంది. మేము ఇంకొక కీర్తన పాడుతూ కనిపెడతాము. ఆయన నడిచి వచ్చిన దినము నడిచి వచ్చి రొట్టె తీసుకొంటారు. రాలేని దినము నేనే ఆయన కూర్చున్న చోటికి తీసుకొనిపోతాను.

ప్రియులారా, మీ సంఘములో బల్ల మీద నుండి లేవనివారు ఉన్నారా? తీర్పు తీర్చక ముందు వారి ఇంటికి వెళ్లి అడగండి. బరువెక్కిన చేతులను పట్టుకొను కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.