బొమ్మ ఒకటే.. తేడా ఎక్కడ?

కొరియర్ డబ్బా విప్పి రెండు తెల్ల సైనికుల్ని టేబుల్ మీద పక్కపక్కన నిలబెట్టాను. ఆరంగుళాల ఎత్తు, తెల్ల కవచం, చేతిలో నల్ల తుపాకీ. బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తి చూసింది.

‘‘ఒక్క తీరుగనే ఉన్నయి గదరా.. రెండెందుకు తెచ్చినవ్?’’

తొర్రూరులో మా ఇంట్లో ఈ ప్రశ్న ఇప్పటికి ముప్పైసార్లయినా వచ్చి ఉంటుంది. దానికి సరైన జవాబు చెప్పడం నేర్చుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. అందులో ఒక ఏడాది బీటెక్ పట్టా చేతిలో పెట్టుకుని, ఉద్యోగం లేక ఖాళీగా తిరిగిందే. అదే జవాబు తర్వాత ఒక ఇంటర్వ్యూలో నా పక్షాన నిలబడింది. కాబట్టి కెరియర్ పేజీలో బొమ్మల గోలేంటని తిప్పేయకండి.

ముందు అమ్మ ప్రశ్నకు జవాబు. రెండూ ‘స్టార్ వార్స్’ క్లోన్ ట్రూపర్లే. హాస్‌బ్రో కంపెనీ ‘బ్లాక్ సిరీస్’ పేరుతో 2013 నుంచి తెస్తున్న వరసలోవి. ఎడమ పక్కది 2002లో వచ్చిన ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’ నాటి కవచం. కలెక్టర్లు దీన్ని ఫేజ్ 1 అంటారు. కుడి పక్కది 2005 నాటి ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’లోది, ఫేజ్ 2. హెల్మెట్లు దగ్గరగా చూడండి. మొదటిదానికి నల్లటి అద్దం ‘టీ’ అక్షరంలా కిందికి దిగుతుంది, నడినెత్తిన చేప రెక్కలాంటి గీర ఉంటుంది. రెండోదానికి నోటి దగ్గర గాలి వడపోసే భాగాలు వచ్చి చేరాయి. 1977 మొదటి సినిమాలోని స్టార్మ్‌ట్రూపర్ ముఖానికి అది సగం దారిలో ఉంది. కథలో ఈ సైన్యమే తర్వాత సామ్రాజ్యపు సైన్యంగా మారుతుంది కాబట్టి కవచం కూడా మెల్లగా అటే నడిచింది.

ఇక రంగులు. 2002 సినిమాలో కవచం మీది రంగు హోదా చెబుతుంది. ఆకుపచ్చ సార్జెంట్, నీలం లెఫ్టినెంట్, ఎరుపు కెప్టెన్, పసుపు కమాండర్. 2005కి వచ్చేసరికి అదే రంగు దళానికి గుర్తయింది. నీలం అంటే 501వ దళం, నారింజ అంటే 212వ దళం. అంటే ఒకే నీలం గీత ఒక బొమ్మ మీద ‘ఇతనెవరు’ అని చెబితే, ఇంకో బొమ్మ మీద ‘ఎవరి మనిషి’ అని చెబుతుంది. కొత్తగా కొనేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంకో తమాషా ఏంటంటే, ఆ రెండు సినిమాల్లో క్లోన్ల కవచం ఒక్కటి కూడా నిజంగా తయారు చేయలేదు. తెరమీద కనిపించేదంతా కంప్యూటర్ గ్రాఫిక్సే. ఆ కవచాన్ని చేత్తో పట్టుకోవాలంటే బొమ్మే దిక్కు.

ఇన్ని రకాలు ఎందుకు?

జవాబు ఉక్కులో ఉంది. ప్లాస్టిక్ బొమ్మకు ఖర్చంతా మౌల్డ్ దగ్గరే. కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో పోసే ఆ ఉక్కు అచ్చు చెక్కడానికి లక్షలు పోతాయి. ఒకసారి తయారయ్యాక ఒక్కో బొమ్మ చవగ్గా పడుతుంది. కాబట్టి కంపెనీ ఏం చేస్తుంది? ఒంటికి ఒకే మౌల్డ్ వాడి, తల మారుస్తుంది, భుజం పట్టీ మారుస్తుంది, లేదంటే ఒట్టి రంగు మారుస్తుంది. బ్లాక్ సిరీస్ మొదటి విడతలోనే శాండ్‌ట్రూపర్ వచ్చాడు. ఆ తర్వాత అతనే భుజం పట్టీ రంగు మార్చుకుని మళ్లీ అంగడికి వచ్చాడు. హెల్మెట్ పెట్టుకున్న సైనికుడైతే మరీ లాభం, ముఖం చెక్కే పనే లేదు. పైగా హీరో బొమ్మను ఒక్కటే కొంటాం. సైనికుల్ని డజన్లు కొని దళం కట్టేవాళ్లున్నారు.

అచ్చులు దేశాలు కూడా తిరుగుతాయి. 1982లో హాస్‌బ్రో 3.75 అంగుళాల జీ.ఐ. జో సైనికుల్ని తెచ్చింది. సగం యుద్ధం, సగం సైన్స్ ఫిక్షన్, లేజర్ తుపాకులు, రోబో సైనికులు. బ్రెజిల్‌లో ఎస్త్రేలా, అర్జెంటీనాలో ప్లాస్టిరామా, మన దేశంలో ఫన్‌స్కూల్ ఆ అచ్చులతో తమ సరుకు తీశాయి. ఫన్‌స్కూల్ అంటే టైర్ల కంపెనీ ఎంఆర్‌ఎఫ్ వాళ్లది, గోవాలో 1987లో మొదలైంది. అమెరికాలో ఆ వరస 1994లో ఆగిపోయినా ఇక్కడ తయారీ సాగింది. విడత విడతకూ రంగులు మారేవి. మన దుకాణాల్లో పిల్లలు ఆడి విరగ్గొట్టిన ఆ బొమ్మల్ని, అమెరికా కలెక్టర్లు రంగుల తేడా కోసమే తెప్పించుకున్నారు.

మా చిన్నమామ చిన్నప్పుడు హన్మకొండలో కొనిపించుకున్నది ఒకటి నా దగ్గర ఉంది. నడుము ఊడిపోయి రెండు ముక్కలుగా దొరికింది. ఆ బొమ్మ నడుమును లోపల ఒక చిన్న రబ్బరు ఓ-రింగ్ పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిస్తే రబ్బరు ఎండి పుటుక్కుమంటుంది. వీపులో ఒకే ఒక్క స్క్రూ. ఆన్‌లైన్‌లో రింగు ధర, దానికి పోస్టేజీ చూసి కళ్లు తిరిగాయి. చివరికి మా ఊళ్లో మోటర్లు బాగుచేసే దుకాణంలో, పాత సామాన్ల డబ్బాలోంచి సరిపోయే రింగు తీసిచ్చాడు అన్న. డబ్బులు కూడా తీసుకోలేదు. ‘‘దేనికి తమ్మీ, ఏ పంపుకు?’’ అనడిగితే బొమ్మ చూపించాను. ఐదు నిమిషాలు నవ్వి, ఆ నడుము తనే బిగించాడు.

ఆరు వేల పాఠం

ఇది చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా మీలో కొందరు ఇప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నా. బీటెక్ అయిన ఏడాది, కోచింగ్ రెండో విడత ఫీజు కోసం బాపు ఇచ్చిన డబ్బుల్లోంచి ఆరు వేలు పెట్టి ఒక పాత స్టార్మ్‌ట్రూపర్ కొన్నాను. ‘1977, ఒరిజినల్’ అని ఫొటో పెట్టారు. కాలు వెనక ఆ సంవత్సరం అచ్చై ఉంది కూడా. అంత పాతదైతే రెట్టింపుకు అమ్మొచ్చు, ఫీజూ కట్టొచ్చు అనుకున్నా.

బొమ్మ నకిలీ కాదు, నేను చదివిన తీరే తప్పు. కెన్నర్ కంపెనీ ఆ 3.75 అంగుళాల బొమ్మల్ని అమ్మడం మొదలుపెట్టింది 1978లో. కాలి మీద ఉన్న 1977 కాపీరైట్ సంవత్సరం, తయారైన సంవత్సరం కాదు. అదే అంకెతో ఏళ్ల తరబడి లెక్కలేనన్ని బొమ్మలు దిగాయి. పైగా తెల్ల ప్లాస్టిక్ పచ్చబడింది, తుపాకీ ఎవరో కొత్తగా పోసిన నకలు. ఆరు వేలల్లో మూడో వంతు కూడా తిరిగి రాలేదు. ఫీజు గడువు దాటిపోయింది.

బాపు తిట్టలేదు. బొమ్మను వేళ్ల మధ్య తిప్పి చూసి ఒక్క మాటన్నాడు: ‘‘తేమ చూడకుండ పత్తి కొన్నట్టు కొన్నవ్ బిడ్డా.’’ పత్తి పండించే ఇళ్లవాళ్లకు తెలుసు. సీసీఐ కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే సరుకే వెనక్కి వస్తుంది. తెల్లగా కనిపించినంత మాత్రాన అన్నీ ఒకటే పత్తి కాదు.

ఆ రాత్రే ఎక్సెల్ షీటు తెరిచాను. ఒక్కో బొమ్మకు ఒక్కో వరస. హెల్మెట్, కీళ్లు, రంగు అంచులు, కాలి అచ్చు, డబ్బా మీది బ్యాచ్ కోడ్, ఒకే బల్బు కింద ముందూ వెనకా తీసిన ఫొటోలు. చివరి గడి ఒక్కటే నన్ను ఏడిపించింది: ‘ఈ తేడా ఎందుకొచ్చింది?’

వేరియంటా, డిఫెక్టా?

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి వెళ్లిన ఒక ఇంటర్వ్యూలో, నా రెజ్యూమెలో ‘యాక్షన్ ఫిగర్ల సేకరణ’ చూసి ఒకాయన నవ్వాడు. పక్కనున్న మేడమ్ నవ్వలేదు. ‘‘రెండు బొమ్మలకు తేడా ఉందనుకుందాం. అది వేరియంటా, డిఫెక్టా? నువ్వెలా తేలుస్తావు?’’ అని అడిగారు. షీటులోని చివరి గడి అదే. నేను చెప్పిన ఉదాహరణలు ఇవి. ఇందులో అందరూ సైనికులు కారు, ఏమనుకోకండి.

మొదటిది జావా. 1978లో ఈ పొట్టి బొమ్మకు ప్లాస్టిక్ దుప్పటి వేసి వదిలారు. చూడ్డానికి చవకబారుగా ఉందని కొద్ది కాలానికే గుడ్డ దుప్పటికి మార్చారు. కంపెనీ తెలిసి, ఉత్పత్తి మధ్యలో చేసిన మార్పు ఇది. ఇప్పుడు ప్లాస్టిక్ దుప్పటిదే అరుదు. అందుకే వేరే బొమ్మ దుప్పటిని కత్తిరించి తగిలించే మోసగాళ్లూ ఉన్నారు.

రెండోది బోబా ఫెట్. వీపు మీది రాకెట్ ఎగిరేలా చేస్తామని 1979లో కెన్నర్ ప్రకటించింది. ఆలోపు వేరే కంపెనీ బొమ్మ క్షిపణి గొంతులో ఇరుక్కుని ఒక పిల్లవాడు చనిపోయాడు. కెన్నర్ రాకెట్‌ను కదలకుండా బిగించి పంపింది. ఎగిరే రాకెట్‌తో మిగిలిన నమూనాల్లో ఒకటి 2024లో వేలంలో 5,25,000 డాలర్లు పలికింది. బొమ్మ చరిత్రలో అంత ఖరీదైన ‘క్యాన్సిల్డ్ ఫీచర్’ నాకైతే తెలియదు.

మూడోది నా ఫేవరెట్, స్నాగుల్‌టూత్. తయారీదారులకు నడుము దాకా మాత్రమే ఉన్న ఫొటో అందింది. దాన్ని చూసి పొడుగ్గా, నీలం బట్టలు, వెండి రంగు బూట్లతో బొమ్మ చేసేశారు. 1978లో సియర్స్ దుకాణాల సెట్టులో అది అమ్ముడైంది కూడా. నిజానికి సినిమాలో అతను పొట్టి, బట్టలు ఎర్రవి. తర్వాత సరిచేశారు. ఫ్యాక్టరీ తన పని తప్పుగా చేయలేదు, ఇచ్చిన కాగితంలో ఉన్నట్టే చేసింది. తప్పు కాగితానిది.

‘‘అంటే రిక్వైర్‌మెంటే తప్పు’’ అన్నారు మేడమ్. అక్కడి నుంచి ఇరవై నిమిషాలు బొమ్మల మీదే నడిచింది. నా షీటు ఫోన్లో తెరిచి చూపించాను. కోడింగ్ రౌండ్‌లో నాకు వచ్చిన మార్కులు చెప్పుకునేలా లేవు. అయినా ఆఫర్ వచ్చింది.

మీరు హాబీ రాస్తే ఇలాగే జరుగుతుందని చెప్పలేను. అంతకుముందు మూడు చోట్ల ఆ లైనును ఎవరూ పట్టించుకోలేదు. ‘కలెక్టింగ్’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఎవరైనా ఏం అడుగుతారు? ఎన్ని వరసలు నమోదు చేశారు, ఏ తేడాను ఎలా నిర్ధారించారు అన్నది రాయండి. చూపించడానికి షీటు ఉండాలి.

ఈ దారిలో ఇంకాస్త ముందుకు వెళ్లాలనుకునే మెకానికల్ వాళ్లకు హైదరాబాద్‌లోనే చోట్లున్నాయి. బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్, డై, మౌల్డ్ తయారీ నేర్పుతారు. చర్లపల్లి సిపెట్‌లో ప్లాస్టిక్ మౌల్డ్‌లకు సంబంధించిన కోర్సులు ఉంటాయి. బొమ్మను ఊహించడమే మీ పని కావాలంటే ఎన్‌ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో టాయ్ అండ్ గేమ్ డిజైన్ పీజీ ఉంది. ప్రవేశం డీఏటీ పరీక్ష ద్వారా. మన ‘కల్కి 2898 ఏడీ’ సినిమా కోసం రైడర్ల సైన్యాన్ని ఎలా తయారు చేశారో చూపిస్తూ నిర్మాతలు ‘ఫ్రమ్ స్క్రాచ్’ పేరుతో వీడియో వదిలారు. వెతికి చూడండి, ఒక సైనికుడి వెనక ఎంతమంది పని ఉంటుందో అర్థమవుతుంది.

కొనేవాళ్లకు రెండు మాటలు. మన దగ్గర దిగుమతి బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కాబట్టి విదేశీ బొమ్మ అమెరికా ధరకే ఇస్తామని ఎవరైనా మెసేజ్ పెడితే, ముందు కాలి అచ్చు ఫొటో, కీళ్ల ఫొటో అడగండి. అక్షరాలు అలుక్కుపోయి ఉంటే ఆగండి. ఇంటికి తెచ్చాక కిటికీ దగ్గర పెట్టొద్దు. మన ఎండకు తెల్ల కవచం పచ్చబడుతుంది, మెత్తటి తుపాకీ వంగుతుంది. వంగినదాన్ని వేడి నీళ్లలో కాసేపు ఉంచి, చేత్తో సరిచేసి, వెంటనే చల్లనీళ్లలో ముంచితే నిలబడుతుంది. ఫీజు డబ్బులతో మాత్రం కొనొద్దు.

మొన్న పండక్కి ఇంటికెళ్తే, అల్మరా తుడుస్తున్న అమ్మ ఒక ఫేజ్ 2 సైనికుణ్ని నా ముందు పెట్టింది. ‘‘గిదేందిరా, దీని ఎడమ మోకాలికి నల్ల గీత లేదు. పక్కదానికి ఉన్నది.’’ రెండేళ్లుగా నా దగ్గరున్న బొమ్మ అది. షీటు తెరిచి చూశాను. ఆ గడి ఖాళీగా ఉంది.