డేటాబేస్ కనెక్ట్ కావడం లేదా?



ఈసారి వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థుల జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. డిగ్రీ చదువుతున్న ఇద్దరు తమ్ముళ్లు పాత అడ్మిషన్ రిజిస్టర్లు ముందేసుకుని రెండు వారాలు కూర్చుని, ఆరు వందల పైచిలుకు పేర్లు ఎక్సెల్‌లో తెలుగులో ఎక్కించారు. అందులో కొన్ని రిజిస్టర్లు 1996 నవంబరు 6 తుపానుకు తడిసినవి. ఇంకు పాకిపోయి, పేజీలు అంటుకుపోయి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదవాల్సి వచ్చింది. అంత కష్టపడి ఎక్కించిన జాబితాని డేటాబేస్‌లోకి తెచ్చి చూస్తే ఏముంది? ఇంటిపేరు, మనిషి పేరు, ఊరు పేరు అన్నీ వరసగా ప్రశ్నార్థకాలే!

"అన్నా, తుపానుకు మిగిలిన పేర్లు మన చేతిలో పోయాయి" అన్నాడు ఒక తమ్ముడు. వాడి ముఖం చూడలేకపోయాను. ఆ పేర్లు ఎలా పోయాయో, ఎన్ని తిరిగి వచ్చాయో చివర్లో చెబుతాను. అంతకుముందు అసలు డేటాబేస్‌ని ఎలా తెరవాలి, తెరుచుకోకపోతే ఎక్కడెక్కడ చూడాలి అన్నది వివరిస్తాను. బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్లకు ఇది ల్యాబ్‌లో రోజూ వచ్చే పని. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక డిజిటల్ అసిస్టెంట్లుగా చేరిన మనవాళ్లకు కూడా డేటాతోనే కాపురం.

ఒక మాట. ఎర్రర్ మాటలు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. తెర మీద అవి ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. వీలైనచోట ఎర్రర్ నంబరు ఇచ్చాను కనుక పోల్చుకోవడం కష్టం కాదు.

రేవు, పంటు, టిక్కెట్టు

సమాచారాన్ని వరసలు, నిలువు గళ్లుగా పట్టికల్లో పెట్టుకుంటే వెతకడం సులువని 1970లో ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించాడు. ఇప్పటి డేటాబేస్‌లలో ఎక్కువ భాగం ఆ ఆలోచన మీద కట్టినవే. వాటిలో మనకి ల్యాబుల్లో బాగా పరిచయమైనది 1995లో వచ్చిన మైఎస్‌క్యూఎల్. ఇది ఉచితంగా దొరుకుతుంది.

కొత్తవాళ్లు మొదట పడే పొరపాటు ఒకటుంది. కంప్యూటర్లో కిటికీలా తెరుచుకునే ప్రోగ్రామే డేటాబేస్ అనుకుంటారు. అది క్లయింట్ మాత్రమే. డేటా ఉండేది సర్వర్‌లో. రెండూ ఒకే కంప్యూటర్లో ఉన్నా సరే, వేర్వేరు ప్రోగ్రాములే.

మనం సఖినేటిపల్లి గట్టున ఉన్నామనుకోండి. సరుకు నరసాపురం కొట్లో ఉంది. మధ్యలో వశిష్ఠ గోదావరి. సరుకు కావాలంటే ఏ ఊరు వెళ్లాలో తెలియాలి, ఆ ఊళ్లో ఏ రేవులో దిగాలో తెలియాలి, దాటించడానికి పంటు ఉండాలి, చేతిలో టిక్కెట్టు ఉండాలి, అక్కడ ఏ కొట్టో తెలియాలి. డేటాబేస్ కనెక్షన్‌లో అడిగేవీ ఈ అయిదే. ఊరు పేరు హోస్ట్. రేవు పోర్ట్ (ఆ మాటకి అర్థమే రేవు). పంటు డ్రైవర్. టిక్కెట్టు యూజర్ నేమ్, పాస్‌వర్డ్. కొట్టు డేటాబేస్ పేరు. ఇది గుర్తుంటే ముప్పావు వంతు ఎర్రర్లు వాటంతట అవే అర్థమవుతాయి.

అమర్చుకునే విధానం

పూర్వం నల్లటి తెర మీద కమాండ్లు కొట్టేవాళ్లం. 2000 తర్వాత బెంగళూరులోని వెబ్‌యోగ్ కంపెనీ చేసిన ఎస్‌క్యూఎల్‌యోగ్ లాంటి క్లయింట్లు వచ్చి పని తేలిక చేశాయి. నేను ఇప్పుడు చెప్పబోయేది డీబీవర్ గురించి. 2010లో మొదలైన ఈ ప్రోగ్రాము కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. ఒక్క మైఎస్‌క్యూఎల్‌కే కాకుండా పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ లాంటివాటికీ ఇదే చాలు.

1. ముందు మైఎస్‌క్యూఎల్ కమ్యూనిటీ సర్వర్ వేసుకోండి. మధ్యలో రూట్ అనే యూజర్‌కి పాస్‌వర్డ్ పెట్టమంటుంది. పెట్టినది వెంటనే నోట్‌బుక్‌లో రాసుకోండి. సగం మంది ఇక్కడే మునుగుతారు.

2. తర్వాత డీబీవర్ వేసుకోండి. దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. జావా దానితోపాటే వస్తుంది, విడిగా అక్కర్లేదు.

3. డీబీవర్ తెరిచి, ఎడమవైపు పైన ప్లగ్గు బొమ్మ నొక్కి మైఎస్‌క్యూఎల్ ఎంచుకోండి. హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. అంటే ఈ కంప్యూటరే అని అర్థం. పోర్ట్ 3306. యూజర్ రూట్. పాస్‌వర్డ్ మీరు రాసుకున్నది. డేటాబేస్ గడి ఇప్పటికి ఖాళీగా వదిలేయండి.

4. టెస్ట్ కనెక్షన్ నొక్కండి. మొదటిసారి డ్రైవర్ ఫైళ్లు దించుకోమంటారా అని అడుగుతుంది. సరే అనండి. ఈ ఒక్కసారికి ఇంటర్నెట్ కావాలి. నెట్ లేకపోతే సెల్‌ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోండి. కనెక్టెడ్ అని వస్తే అవతలి ఒడ్డుకి చేరినట్టే.

కనెక్ట్ కాకపోతే

ఎర్రర్ రాగానే కిటికీ మూసేసి మళ్లీ మళ్లీ నొక్కకండి. అందులో ఏం రాసి ఉందో చదవండి. ప్రయాణం ఎక్కడిదాకా వచ్చి ఆగిందో అదే చెబుతుంది.

"కమ్యూనికేషన్స్ లింక్ ఫెయిల్యూర్" లేదా "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అంటే అవతలి రేవులో ఎవరూ లేరన్నమాట. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, మీ టిక్కెట్టు ఇంకా ఎవరూ చూడనే లేదు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి సర్వీసెస్ జాబితా తెరవండి. మైఎస్‌క్యూఎల్ అని మొదలయ్యే పేరు దగ్గర రన్నింగ్ అని ఉందా? లేకపోతే రైట్ క్లిక్ చేసి స్టార్ట్ నొక్కండి. అది నడుస్తూనే ఉంటే పోర్ట్ నంబరు సరిచూడండి. మరో ప్రోగ్రాముతో కలిసి రెండో మైఎస్‌క్యూఎల్ వచ్చి ఉంటే ఒకదాన్ని 3307 మీద పెట్టి ఉంటారు.

1045, "యాక్సెస్ డినైడ్". రేవు దాకా చేరారు, టిక్కెట్టు చెల్లలేదు. క్యాప్స్ లాక్ చూడండి. పాస్‌వర్డ్ కాపీ చేసి అతికిస్తే చివర ఖాళీ స్పేస్ వచ్చి చేరుతుంది. చేత్తో టైపు చేయండి.

1049, "అన్‌నోన్ డేటాబేస్". ఊరు, రేవు, టిక్కెట్టు అన్నీ సరే, మీరు చెప్పిన కొట్టు అక్కడ లేదు. డేటాబేస్ గడి ఖాళీ చేసి కనెక్ట్ అవండి. లోపల ఏ పేర్లున్నాయో కనబడతాయి.

"పబ్లిక్ కీ రిట్రీవల్ ఈజ్ నాట్ అలౌడ్". మైఎస్‌క్యూఎల్ 8 నుంచి పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి మారడం వల్ల ఇది వస్తుంది. కనెక్షన్ సెట్టింగుల్లో డ్రైవర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, "అలౌ పబ్లిక్ కీ రిట్రీవల్" అన్నచోట ట్రూ అని పెట్టండి. మీ సొంత కంప్యూటర్లో సర్వర్‌కి పర్వాలేదు. బయటి నెట్‌వర్క్‌లోని సర్వర్‌కి ఇలా పెట్టకండి. మధ్యలో ఎవరైనా చొరబడి పాస్‌వర్డ్ కాజేసే వీలుంటుంది.

1130, "హోస్ట్ ఈజ్ నాట్ అలౌడ్". ల్యాబ్‌లో పక్క కంప్యూటర్లోని సర్వర్‌కి వెళ్లేటప్పుడు వస్తుంది. రూట్ యూజర్‌ని మామూలుగా తన సొంత కంప్యూటర్ నుంచే రానిస్తారు. రూట్‌ని అందరికీ తెరిచిపెట్టకుండా, ల్యాబ్ కోసం వేరే యూజర్‌ని తయారుచేసి వాడికి ఆ ఒక్క డేటాబేస్ మీదే హక్కులివ్వండి.

ఇక ఎర్రరే రాకుండా కంగారు పెట్టేది ఒకటుంది. ఆరు వందల పేర్లు ఎక్కిస్తే రెండు వందలే కనిపిస్తాయి. ఏమీ పోలేదు. డీబీవర్ మామూలుగా ఒక్కసారికి 200 వరసలే తెచ్చి చూపిస్తుంది. కిందికి జరుపుతూ వెళ్తే మిగతావి వస్తాయి.

తెలుగు పాడైతే

ఇప్పుడు మా ప్రశ్నార్థకాల సంగతి. తెలుగు చెడిపోయి కనిపించడం నాలుగు రకాలు. ఏ రకమో గుర్తుపడితే మందు తెలుస్తుంది.

మొదటిది, చిన్న చిన్న డబ్బాలు. డేటా భేషుగ్గా ఉంది, ఆ కంప్యూటర్లో తెలుగు ఫాంటు లేదంతే.

రెండోది, నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు "ఎ" అక్షరం, దాని పక్కన డిగ్రీ సున్నా లేదా ప్లస్-మైనస్ గుర్తు. ఇదే జత మళ్లీ మళ్లీ వస్తుంటే అది తెలుగే. ఫైలు యూటీఎఫ్-8లో ఉంటే, చదివేవాడు వేరే పద్ధతిలో చదివాడు. డీబీవర్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకుని మళ్లీ ఎక్కించండి.

మూడోది, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగం. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టించిన మేటర్ అతికిస్తే ఇలా ఉంటుంది. అది యూనికోడ్ కాదు. కన్వర్టర్‌లో మార్చుకుని తెచ్చుకోవాలి.

నాలుగోది, ఉత్త ప్రశ్నార్థకాలు. ఇది అసలైన నష్టం. తెలుగు రాని పద్ధతిలో సేవ్ చేసినప్పుడు ఒక్కో అక్షరాన్నీ తీసేసి దాని చోట ప్రశ్నార్థకం రాసేస్తుంది. వెనక్కి తెచ్చే మార్గం లేదు. మా తమ్ముళ్లు ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ అని సేవ్ చేశారు. ఆ జాబితాలోనే "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని మరొకటి ఉంటుంది. అది ఎంచుకోవాలి. అన్నిటికంటే ముందు అసలు ఎక్సెల్ ఫైలు అలాగే అట్టిపెట్టుకోవాలి.

సర్వర్ వైపు కూడా చూడాలి. మైఎస్‌క్యూఎల్‌లో తెలుగుకి యూటీఎఫ్8ఎంబీ4 అనే క్యారెక్టర్ సెట్ ఉండాలి. 2018లో వచ్చిన 8.0 నుంచి అదే ముందుగా ఉంటుంది. అంతకుముందు చేసిన టేబుళ్లు చాలావరకు లాటిన్1లో ఉంటాయి. వాటిలో తెలుగు రాయబోతే 1366, "ఇన్‌కరెక్ట్ స్ట్రింగ్ వాల్యూ" అని రావచ్చు. టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4లోకి మార్చండి.

1406, "డేటా టూ లాంగ్" అని వస్తే గడి చాలలేదని. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్ లెక్కలో పొల్లులు, గుడులు కలిపి ఏడు. ఇంగ్లీషు పేరుకి 20 ఇస్తే సరిపోయినా, ఇంటిపేరుతో కలిపి తెలుగు పేరుకి 100 ఇవ్వండి.

ఫోన్ నంబర్లు, అడ్మిషన్ నంబర్లు అంకెలే అయినా అక్షరాల గడిగా పెట్టండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

వేర్ మరిచిపోతే

2011లో నేనొక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా ఉన్నాను. ఒక విద్యార్థి బ్యాంకు ఖాతా నంబరు తప్పు పడితే సరిచేయడానికి అప్‌డేట్ కమాండ్ రాశాను. ఫలానా అడ్మిషన్ నంబరు వాడిదే మార్చమని చెప్పే "వేర్" భాగం రాయడం మరిచిపోయి రన్ నొక్కాను. ఒక్క క్షణంలో నాలుగు వందల మందికి ఒకే ఖాతా నంబరు పడింది. ముందురోజు సాయంత్రం పెన్‌డ్రైవ్‌లో తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి బతికాను. ఆ రోజు ఎక్కించినవన్నీ రాత్రి పదింటిదాకా మళ్లీ కొట్టాను. పేరులో ఒక్క అక్షరం టెన్త్ మెమోలో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా ఉంటే స్కాలర్‌షిప్ ఎన్నాళ్లు ఆగుతుందో మన హాస్టల్ పిల్లలకి ఒకరు చెప్పాలా? అలాంటిది ఖాతా నంబరే మారిపోతే ఎలా?

అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి, అప్‌డేట్‌కి గానీ డిలీట్‌కి గానీ ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కమాండ్ ఇచ్చి ఎన్ని వరసలు వస్తున్నాయో చూడాలి. ఒకడిని మార్చాలంటే ఒక్క వరసే రావాలి. రెండు, డీబీవర్ పైన ఆటో అని ఉన్నదాన్ని మాన్యువల్ కమిట్‌కి మార్చుకోవాలి. అప్పుడు తప్పు జరిగినా కమిట్ చేసేలోగా రోల్‌బ్యాక్ నొక్కితే పాత స్థితికి వస్తుంది. వేర్ లేకుండా అప్‌డేట్ ఇస్తే డీబీవర్ ఒకసారి హెచ్చరిస్తుంది కూడా. చదవకుండా యస్ నొక్కేయకండి. మూడు, పని ముగిశాక డేటాబేస్ మీద రైట్ క్లిక్ చేసి టూల్స్‌లో డంప్ తీసి, ఆ ఫైలుని మరో చోట దాచాలి. అదే కంప్యూటర్లో దాచితే బ్యాకప్ కాదు. గోదావరి గట్టున పుట్టినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు, వరదకి ముందు కాగితాలు అటకెక్కించడం మన ఇళ్లలో అందరికీ తెలుసు.

మన జాబితా ఏమైంది?

వెతగ్గా వెతగ్గా ఒక తమ్ముడి ల్యాప్‌టాప్‌లో నాలుగు రోజుల కిందటి ఎక్సెల్ ఫైలు దొరికింది. అందులో నాలుగు వందల డెబ్బై పేర్లు పదిలంగా ఉన్నాయి. మిగతావాటికి మళ్లీ ఆ తడిసిన రిజిస్టర్లే తెరిచాం. ఈసారి నేనూ వాళ్లతో కూర్చున్నాను. మూడు రాత్రులు పట్టింది. ఇంకా పదకొండు పేర్లు చదవడానికి రాలేదు. వాటి దగ్గర ఏదో ఒకటి ఊహించి రాయలేదు, ఖాళీగా ఉంచి అడ్మిషన్ నంబరు మాత్రం వేశాం. ఆ బ్యాచ్‌ల అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒకసారి చూసి చెబితే పూర్తి చేస్తాం.

ఈ జాబితాలో పేరు, ఊరు, చదివిన సంవత్సరాలు, ఇష్టపడి ఇచ్చినవారి ఫోన్ నంబరు మాత్రమే ఉన్నాయి. కులం, ఆధార్ నంబరు గడులు పెట్టలేదు. కలుసుకోవడానికి అవి అవసరం లేదు. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగకూడదు. తమ్ముళ్లూ, రేపు మీరు ఏ ఆఫీసులో ఏ డేటాబేస్ ముందు కూర్చున్నా ఇది గుర్తుంచుకోండి. అందులో ఒక్కో వరసా మనలాంటి ఇంటి నుంచి ట్రంకు పెట్టె పట్టుకుని వచ్చిన ఒక పిల్లవాడు.

జాబితా మన స్టడీ రూంలోని కంప్యూటర్లో ఉంది. డంప్ కాపీలు రెండు వేర్వేరు ఇళ్లలో ఉన్నాయి. పాస్‌వర్డ్ వార్డెన్ గారి దగ్గర ఉంటుంది. మీ పేరు సరిగ్గా ఉందో లేదో వచ్చి చూసుకోండి.