మద్రాసులో దొరికిన ‘ఏషియా’

మన ఖండం పేరు పెట్టుకుని ఆకాశంలో తిరుగుతున్న ఒక రాయి ఉన్నదని మీలో ఎందరికి తెలుసు? దాని పేరు ఏషియా. మా యౌవనస్థుల కూడికలో ఈ ప్రశ్న వేస్తే ఒక్కరూ జవాబు చెప్పలేదు. వారిని అని ఏమి లాభం? నలభై ఏళ్లు వచ్చేవరకు మాకూ తెలియదు. చదువులకనీ వైద్యానికనీ మన తెలుగువారు ఎన్నిసార్లు మద్రాసు వెళ్లి వచ్చారు! అది దొరికింది ఆ ఊళ్లోనే.

నార్మన్ పాగ్సన్ అనే ఆంగ్లేయుడు 1861 ఆరంభంలో మద్రాసు వేధశాలకు అధికారిగా వచ్చారు. వచ్చిన కొద్ది వారాలకే, ఏప్రిల్ 17న, ఆయనకు ఈ గ్రహశకలం కనబడింది. ఆసియా ఖండం నుండి మనిషి కనుగొన్న మొదటి గ్రహశకలం ఇదే. అందుకే ఆయన దానికి ఆ పేరు పెట్టారు. గ్రీకు పురాణాలలో ఒక స్త్రీ పేరు కూడా ఏషియాయే గనుక, దేవతల పేర్లు పెట్టే ఆనాటి వాడుకకూ అది సరిపోయింది. వరుసలో దాని సంఖ్య 67.

ఆ రోజుల్లో ఆకాశాన్ని ఫోటో తీసి వెదకడం లేదు. దూరదర్శినిలో గ్రహశకలం కూడా నక్షత్రం లాగే చిన్న చుక్క. నక్షత్రాల పటం ప్రక్కన పెట్టుకుని, ఒక్కొక్క చుక్కనే సరిచూసుకోవాలి. పటంలో లేని చుక్క కనబడితే మరునాడు మళ్లీ చూడాలి. అది జరిగి ఉంటే గ్రహశకలమే! మబ్బు పట్టిందా, ఆ రాత్రి పోయినట్లే.

కనబడితే సరిపోదు, దాని దారి లెక్క కట్టాలి. లేకుంటే చేజారిపోతుంది. మొదటి గ్రహశకలం సెరెస్ విషయంలో అదే జరిగింది. పియాజ్జీ అనే క్రైస్తవ సన్యాసి 1801 జనవరి 1న ఇటలీలోని పలెర్మోలో దానిని చూశారు. కొన్ని వారాలకే అది సూర్యకాంతిలో మరుగైపోయింది. గౌస్ అనే యువకుడు లెక్క వేసి చోటు చెబితే గాని, ఆ ఏడాది చివర మళ్లీ దొరకలేదు.

ఏషియా దారి అంగారకునికీ బృహస్పతికీ మధ్యనున్న పట్టీలోనిది. సూర్యుని నుండి సగటున 36 కోట్ల కిలోమీటర్ల దూరం. దారి కోడిగుడ్డులా కాస్త సాగి ఉంటుంది గనుక ఒకప్పుడు 30 కోట్లకు దగ్గరవుతుంది, ఒకప్పుడు 43 కోట్లకు వెళుతుంది. ఒక చుట్టుకు సుమారు మూడేళ్ల తొమ్మిది నెలలు పడుతుంది. ఈలోగా అంగారకుడు దాదాపు రెండు చుట్లు తిరిగివస్తాడు. దాని అడ్డుకొలత 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. వట్టి కంటికి కనబడదు.

పాగ్సన్ గారు మద్రాసులో ఇంకా నాలుగు గ్రహశకలాలు కనుగొన్నారు, చివరిది 1885లో. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఆయన మన మచిలీపట్నమే వచ్చారు. 1891లో మద్రాసులోనే, ఆ ఉద్యోగంలో ఉండగానే కన్నుమూశారు.

ఆయన కుమార్తె ఐసిస్ సంగతి మమ్మల్ని మరింత కదిలించింది. 1856లో ఆక్స్‌ఫర్డులో తండ్రి కనుగొన్న గ్రహశకలానికీ ఐసిస్ అనే పేరు. ఆమె 1873 నుండి మద్రాసు వేధశాలలో తండ్రికి సహాయకురాలిగా లెక్కలు కట్టారు. 1886లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యత్వానికి తండ్రి ఆమె పేరు ప్రతిపాదిస్తే, స్త్రీ గనుక చెల్లలేదు. పేరేమో ఆకాశంలో ఉన్నది, సంఘంలో మాత్రం చోటు లేదు! ఆ సభ్యత్వం 1920లో వచ్చింది. అప్పటికి తండ్రి పోయి ఇరవై తొమ్మిదేళ్లు.

నక్షత్ర పరిశీలన 1899లో కొడైకెనాల్‌కు తరలిపోయింది. ఇప్పటి చెన్నైలో, నుంగంబాకం వాతావరణ కార్యాలయం ఆవరణలో, ఆ వేధశాల నాటి రాతి స్తంభం ఉంది. దానిమీద చెక్కిన భాషలలో మన తెలుగూ ఒకటి.