ఆటగాడి పేరు పక్కన జట్టు పేరు రాస్తే చాలదా?

చాలదు. ఎందుకో అంబటి రాయుడిని చూస్తే తెలుస్తుంది. ఐపీఎల్‌లో ఆయన 2010 నుంచి 2017 దాకా ముంబై ఇండియన్స్‌కు, 2018 నుంచి 2023 దాకా చెన్నై సూపర్ కింగ్స్‌కు ఆడారు. కంప్యూటర్‌లోని పట్టికలో ఆయన పేరు పక్కన ‘జట్టు’ అని ఒకే గడి పెట్టారనుకోండి. చెన్నై అని రాయగానే ముంబై చెరిగిపోతుంది. 2013లో కప్పు గెలిచిన ముంబై జట్టులో ఆయన ఉన్నారన్న సంగతి కంప్యూటర్‌కు ఇక తెలియదు! పోనీ, రెండు గడులు పెడితే? మూడో జట్టుకు మారినవాళ్ల సంగతేమిటి?

అందుకే డేటాబేస్ కట్టేముందు నమూనా గీసేవాళ్లు ఆటగాళ్లకు ఒక పట్టిక, జట్లకు ఒక పట్టిక పెడతారు. రెంటినీ కలుపుతూ మూడోది సభ్యత్వం. ఎవరు, ఏ జట్టు, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా అన్నవన్నీ కలిసి అందులో ఒక్కో వరుస. రాయుడికి రెండు వరుసలు. నాకు అన్నిటికంటే నచ్చేది ఈ మూడో పట్టికే. చేరిన ఏడాది ఒక్క మనిషిదో, ఒక్క జట్టుదో ఎలా అవుతుంది? అది ఆ రెండింటి బంధానిది. వస్తువులనూ వాటి సంబంధాలనూ ఇలా విడివిడిగా గీసే పద్ధతిని పీటర్ చెన్ 1976లో ప్రతిపాదించారు.

కెప్టెన్సీ కూడా అంతే. 2022లో చెన్నైకి మొదట జడేజా కెప్టెన్. సీజన్ మధ్యలోనే ఆ బాధ్యత మళ్లీ ధోనీకి వెళ్లింది. కాబట్టి దానికీ తేదీలు కావాలి.

మరి జట్టే లేకుండా పోతే? 2009లో కప్పు గెలిచిన మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ 2012 తర్వాత లేదు. అయినా దాని వరుసను తుడిచేయకూడదు. ముగిసిన ఏడాది రాసి ఉంచాలి. లేకపోతే అందులో రోహిత్ శర్మ ఆడిన మొదటి మూడు సీజన్లు ఏ జట్టుకూ చెందకుండా పోతాయి.