రోమను చక్రవర్తుల నాణెములు

క్రీ. శ. 1354లో, త్వరలో చక్రవర్తి కానున్న నాల్గవ చార్లెసు ఇటలీలోని మాంటువా నగరమునకు వచ్చినపుడు, పెట్రార్కు కవి ఆయనకు కొన్ని బంగారు, వెండి నాణెములను కానుకగా ఇచ్చెను. అవి ప్రాచీన రోమను చక్రవర్తుల ముఖములు గల నాణెములు. ఆ ముఖములను చూచి, వారి అడుగుజాడలలో నడువవలెనని కవి ఉద్దేశము. నాటినుండి నేటివరకు ఈ నాణెములను సేకరించువారిని మొదట ఆకర్షించునది ముఖమే. నీరో లావుపాటి మెడ, వెస్పేసియను బట్టతల, ముడతలుపడిన నుదురు బొటనవ్రేలి గోరంత చోటులో స్పష్టముగ కనబడును. కాని ముఖముపై ఉన్నది ప్రభుత్వము చెప్పదలచిన మాట. అది చెప్పదలపని మాట లోహములో దాగియుండును.

బ్రతికియున్న రోమనుని ముఖము రోము నగరపు నాణెములకెక్కుట క్రీ. పూ. 44లో జూలియసు సీజరుతో మొదలయ్యెను. ఆ యేడే మార్చి 15న ఆయన హత్య జరిగినది. వింత ఏమనగా, హంతకులలో ఒకడైన బ్రూటసు కొద్దికాలమునకే తన ముఖముతో నాణెము వేయించెను. దాని వెనుకవైపున రెండు బాకులు, వాటి నడుమ స్వేచ్ఛకు గుర్తుగా ఒక టోపీ. రాజరికమును ద్వేషించి చంపినవాడు ఆ రాజలాంఛనమునే ధరించినాడన్నమాట!

ముఖము చుట్టును లాటిను భాషలో పొడి అక్షరములుండును. అవి చక్రవర్తి పేరు, బిరుదములు. వానిలో ట్రిబ్యూను అధికారము ఏటేట క్రొత్తదగుచుండెను. ఎన్నవసారి అన్న అంకెను గూడ చాల నాణెములపై చెక్కిరి. కావున సంవత్సరము వ్రాయకపోయినను నాణెము ఏ యేటిదో పెక్కుమారులు తేల్చవచ్చును.

ఇక లోహము మాట. రోమనుల వెండి నాణెము పేరు డెనారియసు. అగస్టసు కాలమున ఒక రోమను పౌను వెండికి, అనగా సుమారు 325 గ్రాములకు, 84 నాణెములు వేసిరి; ఒక్కొక్కటి 3.9 గ్రాములు తూగును. వెండి దాదాపు స్వచ్ఛము. క్రీ. శ. 64లో నీరో పౌనుకు 96 నాణెములు వేయించెను. నాణెము 3.4 గ్రాములకు దిగినది. అందులో రాగి గూడ కలిసినది. సెప్టిమియసు సెవెరసు నాటికి వెండి సుమారు సగమే. క్రీ. శ. 268లో గాలియనసు మరణించునప్పటికి, అప్పుడు చెలామణిలోనున్న నాణెములో నూటికి ఐదు పాళ్ళ వెండి గూడ లేదు. రాగిపై పలుచని తెల్లపూత మాత్రమే. సైన్యమునకు జీతము లీయవలె, గనులనుండి వెండి చాలదు. చక్రవర్తి ముఖము మాత్రము కిరీటముతో యథాప్రకారము వెలుగుచునే యుండెను.

నాణెమును గీటకుండ, కరిగింపకుండ వెండి ఎంతో తెలిసికొనుటకు ఆర్కిమిడీసు సూత్రము చాలును. వెండి సాంద్రత 10.5, రాగిది 8.96. 3.4 గ్రాముల నాణెమును సన్నని దారమున కట్టి నీటిలో తూచినచో, స్వచ్ఛమైన వెండియైన 324 మిల్లీగ్రాములు తగ్గును. సగము రాగియైన 352 మిల్లీగ్రాములు తగ్గును. తేడా 28 మిల్లీగ్రాములే. అంగడి త్రాసునకు ఇది అందదు గాని, కళాశాల ప్రయోగశాలలోని సున్నితపు త్రాసునకు సులభముగ అందును. నాణెము చిలుము పట్టి గుల్లబారిన చోట గాలిబుడగలు నిలిచి లెక్కను తప్పించును. ఆ జాగ్రత్త తీసికొనవలెను.

పై పొరను మాత్రమే పరీక్షించు పద్ధతులు ఒకప్పుడు పెద్దలనే మోసపుచ్చినవి. మన కంసాలులు వెండి వస్తువును కాచి చింతపండు రసములో వేసి తెలుపు తెప్పింతురు గదా! ఆ పులుపు పైనున్న రాగిని కరిగించి వెండిని మిగుల్చును. రోమను టంకశాలలో గూడ ఇట్టి పని జరిగెను. తరువాత సుత్తిదెబ్బకు ఆ తెల్లపొర గట్టిపడును. అందుచే నీరో మార్చిన నాణెములలో వెండి 93 పాళ్ళని చాలకాలము నమ్మిరి. బుచర్, పాంటింగ్ అను ఇంగ్లండు పండితులు నాణెపు అంచున సన్నని రంధ్రము తొలిచి, లోపలి లోహమును పరీక్షించి, మొదట వేసినవానిలో అది సుమారు 80 పాళ్ళేయని 2014లో ప్రకటించిన గ్రంథమున చూపిరి.

రోములోని సామాన్యుడు ఈ మార్పును గుర్తించెనో లేదో గాని, దక్షిణ భారతదేశపు వర్తకులు గుర్తించినట్లే యున్నది. మిరియములకు, సన్నని బట్టలకు ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులకు తక్కువ గాకుండ భారతదేశమునకు పోవుచున్నదని ప్లీనీ వాపోయెను. నాలుగు సెస్టెర్సులు ఒక డెనారియసు. ఈ దేశమున దొరకిన రోమను వెండి నాణెములలో అత్యధికము అగస్టసు, టైబీరియసులవే. నల్లగొండ సీమలోని అక్కనపల్లిలో దొరకిన పదిహేను వందలకు పైబడిన డెనారియసులు ఇట్టివే. నీరో కల్తీ తరువాతి వెండి ఇచట అరుదు. బంగారు నాణెములు మాత్రము వచ్చుచునే యున్నవి. కొన్నింటిపై, సరిగా చక్రవర్తి ముఖము మీదనే, ఉలిగాటు కనబడును. లోపల రాగి ఉన్నదేమోనని చూచుటకు గాటు పెట్టిరని కొందరు, నాణెముగా చెల్లకుండ చేసి వెండి బంగారములుగా వాడుటకని కొందరు అందురు. ఇంతకు డెనారియసు పేరే మన సంస్కృతమున దీనారమై, వెండిని విడిచి బంగారమునకు మారినది. ఆ మాట మన శ్రీనాథుని కనకాభిషేకపు కథవరకు వచ్చినది.

ముఖములకు గిరాకి యున్నచోట నకిలీలు పుట్టుట సహజము. నిజమైన నాణెమును రెండు అచ్చుల నడుమ సుత్తితో కొట్టుదురు. పోత నకిలీలో సూదిమొన లంతటి గుంటలు, అంచున అతుకు గీత కనబడును. రెండు నాణెములు గీతకు గీతగా, సొట్టకు సొట్టగా ఒక్కటియైన, అవి ఒకే మూసలోనివి.

అయితే ఈ సూత్రమునకు గూడ చిక్కు వచ్చినది. 1713లో ట్రాన్సిల్వేనియాలో బయటపడిన ఒక బంగారు నాణెముపై స్పాన్సియాను అను చక్రవర్తి ముఖమున్నది. చరిత్రకారు లెవ్వరును అట్టివానిని పేర్కొనలేదు. పైగా అది పోత పోసినది. 19వ శతాబ్దపు పండితులు దానిని నకిలీయని త్రోసివేసిరి. 2022లో లండనుకు చెందిన పాల్ పియర్సన్ బృందము గ్లాస్గో మ్యూజియములోని నాణెమును సూక్ష్మదర్శినితో చూచి, పలుచేతులు మారిన అరుగుదల గీతలను, గీతలపై గట్టిగా అంటిన మట్టి ఖనిజములను కనుగొనెను. చాలకాలము భూమిలో నుండినగాని మట్టి అట్లు అంటుకొనదని వారి వాదము. పెక్కుమంది నాణెశాస్త్రజ్ఞులు ఇంకను ఒప్పుకొనలేదు. ఒక చక్రవర్తి ఉండెనా లేదా అన్న వివాదము చిటికెడు మట్టిమీద నిలిచియున్నది. ఈ మూడువందల ఏండ్లలో ఏ యజమానియైనను దానిని మెరుగుకోసము గట్టిగా తోమియుండినచో ఆ వివాదమునకే తావు లేకపోయెడిది.

కావుననే తెలిసిన సేకర్తలు నిమ్మరసము, ఆమ్లములు, ఇత్తడి కుంచె దగ్గరకు రానీయరు. రాగి నాణెముపై లేతాకుపచ్చ పొడి రాలుచున్నచో అది క్లోరైడు వలన కలుగు జబ్బు; దానిని స్వేదనజలములో నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టి, తేమలేనిచోట ఉంచవలెను. పొలములో నాణెముల కుండ దొరకినచో 1878 నాటి నిధుల చట్టము ప్రకారము కలెక్టరునకు తెలుపవలెను. కుండను, మట్టిని, నాణెములను వేరుచేయకుండ, దొరకిన చోటును లోతును వ్రాసి పెట్టినచో అవి ఎప్పుడు, ఎట్లు భూమిలో చేరినవో పరిశీలకులకు తెలియును.