అగ్నిముఖునికి అగ్నిపరీక్ష

సంస్కృత పంచతంత్రములో రాజుగారి పానుపును ఆశ్రయించి బ్రతుకుచున్న పేను కథ యొకటి కలదు. పేను పేరు మందవిసర్పిణి. దానికి అతిథియై వచ్చిన నల్లి పేరు అగ్నిముఖుడు. వేళ యెరిగి కుట్టుమన్న మాటను పెడచెవిని పెట్టి, రాజు నిద్రపోకమునుపే నల్లి కుట్టినది; కుట్టి మంచపు సందున దాగినది. వెదకవచ్చిన సేవకులకు వస్త్రపు మడతలో పేను దొరకినది, దానిని చంపిరి. ముక్కు మొగము తెలియనివానికి చోటీయరాదన్నది కథలోని నీతి. నల్లిని వదలించుకొనగోరువారికి మరియొక నీతియు అందు కలదు: దోషి సందులో నుండగా దండన పైమడతకు పడినది.

ఈ సంగతి మన పూర్వపు గృహిణులకు తెలియనిది కాదు. నులక మంచమును పెరటిలోనికి తెచ్చి, పట్టెలు కోళ్లలో చొచ్చు సందులందు సలసల కాగిన నీళ్లు పోసెడివారు. చాకలివారు బట్టలను చౌడునీట తడిపి ఉబ్బ వేసెడివారు. ఆవిరి మడతమడతకును చొరబడెడిది.

అనంతరము మందుల కాలము వచ్చినది. డి.డి.టి. కీటకములను చంపునని 1939లో కనుగొన్న పాల్ ముల్లరుకు 1948లో నోబెల్ బహుమానము లభించినది. కాని హవాయి దీవులలోని పెర్ల్ హార్బరు సైనికావాసములలో 1947 నాటికే ఆ మందునకు లొంగని నల్లులు కానవచ్చినవి. నేడు వాడుకలోనున్న పెక్కు మందుల గతియు ఇట్లే యున్నది. వేడిమి విషయమున అట్టి భయము తక్కువ. పసిబిడ్డ పరుండు పక్కపై అది విషపు జాడను మిగుల్చదు.

అయినను ఎంత వేడిమి? ఎంత సేపు? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2011లో ఈ లెక్క తేల్చిరి. 45 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద పెద్ద నల్లులు చచ్చుటకు సుమారు గంటన్నర పట్టినది; గ్రుడ్లకు 7 గంటలు పట్టినది. 48 డిగ్రీల వద్ద గ్రుడ్లు 72 నిమిషములలో నశించినవి. 55 డిగ్రీలు సమీపించినచో క్షణములలోనే నశించును. అనగా నల్లి చచ్చిన మాత్రమున పని ముగియలేదు, గ్రుడ్డు చావవలెను.

రోహిణీకార్తె యెండలో పరుపు వేసినను నల్లులు మరల వచ్చుటకు కారణ మిదియే. పైవస్త్రము చేయి కాలునంతగా వేడెక్కును. లోపలి దూది చల్లగనే యుండును. నల్లి చేతులు కట్టుకొని కూర్చుండదు, నీడవైపునకు ప్రాకిపోవును. కావున ఎండ సహాయమే గాని పూర్తి చికిత్స కాదు.

బట్టలకు మార్గము సులభము. ఉన్నచోటనే సంచిలో మూటగట్టి, దారిలో దులుపక కొనిపోవలెను. 60 డిగ్రీల నీటిలో ఉదికినచో పెద్దవియు, పిల్లలును, గ్రుడ్లును నశించును. ఆరబెట్టు యంత్రమున్నవారు పొడిబట్టలను వదులుగా వేసి, మిక్కిలి వేడిమిపై అరగంట యుంచవలెను; క్రిక్కిరిసిన మూట నడుమకు వేడిమి చేరదు. పిమ్మట వానిని శుభ్రమైన సంచిలో కట్టి యుంచవలెను, పాత మంచముపై వేయరాదు. మంచపు సందులకును పరుపు కుట్లకును ఆవిరిని మెల్లమెల్లగా పట్టింపవలెను. మందులు, విద్యుత్ పరికరములు, ఛాయాచిత్రములు వేడిమికి చెడును. వానిని వేరుగా పరిశీలింపవలెను. కిరసనాయిలుతోను మంటతోను చేయు సాహసములు నల్లికన్న ముందు ఇంటిని దహించును.

వీనియన్నిటికన్న మొదట వదలవలసినది సిగ్గు. నల్లి మురికిని వెదకి రాదు, రక్తమును వెదకి వచ్చును. రైలుపెట్టెలో నెక్కి, వసతిగృహమున దిగి, పెట్టె బేడలతో ఏ ఇంటికైనను చేరును. శివుడు కొండ యెక్కుట, విష్ణువు పాముపై పవళించుట నల్లిబాధ పడలేకయే యని చాటుకవి యొకడు చమత్కరించెను. దేవతలకే తప్పనిది గృహస్థునకు అవమాన మెట్లగును? పొరుగువారు వినిపోదురని దాచిన ఇంటిలో నల్లి పెరుగును. విప్పి చెప్పిన ఇంటిలో పది చేతులు కలిసి నీళ్లు కాచును. అగ్నిముఖునికి కావలసినది ఆగ్రహము కాదు, సందు సందునకు చేరి నిలిచిన వేడిమి.