పొలంలో మల్చరు: బ్లేడు ఎంపిక, వాడకం



కోత యంత్రం పొలం దిగి వెళ్లిపోయిన మర్నాడు రైతు ముందు ఒక ప్రశ్న నిలబడుతుంది. మిగిలిన గడ్డిని, కొయ్యకాళ్లను ఏం చేయాలి? తుంగభద్ర కాలువల కింద సింధనూరు, గంగావతి, సిరుగుప్ప ప్రాంతాల క్యాంపుల్లో ఉంటున్న మనవారికి ఇది వరి గడ్డి రూపంలో వస్తుంది. యవత్‌మాల్, నాందేడ్ వైపు, అటు గుణుపురం, రాయగడ వైపు పత్తి కట్టె రూపంలో వస్తుంది. కృష్ణగిరి తోటల్లోనూ యానాం చుట్టుపక్కలా కొబ్బరి మట్టలుగా పోగుపడుతుంది. పేర్లు మారతాయి. కన్నడిగులు కూళె అంటారు, తమిళులు తట్టై అంటారు, మరాఠీలో పత్తి కట్టెను పర్హాటీ అంటారు. జవాబు మాత్రం చాలాచోట్ల ఒకటే, అగ్గిపుల్ల.

ఆ అగ్గిపుల్ల ఖరీదెంతో ముందు చూద్దాం. ఒక టన్ను వరి గడ్డిలో సుమారు 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటుంది. పొటాషియం అంతకంటే ఎక్కువగా, 12 నుంచి 17 కిలోల దాకా ఉంటుంది. గడ్డిని కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం పొగలో పోతుంది. భాస్వరంలో నాలుగో వంతు, పొటాషియంలో అయిదో వంతు కూడా దానితోపాటే పోతాయి. మంట కింద మట్టి పైపొరలో ఉండే సూక్ష్మజీవుల సంగతి సరే సరి. పశువులున్న ఇంటివారికి ఈ ప్రసంగం సగమే వర్తిస్తుంది. వారు మేతకు కావలసిన గడ్డిని ముందుగా తీసుకోవాలి. యంత్రం దించవలసింది ఆ తర్వాతే.

ఆ యంత్రమే మల్చరు. ఇప్పుడు మన జిల్లాల్లో ఇది అద్దెకు కూడా దొరుకుతోంది. అమెరికాలో స్థిరపడిన మన పిల్లలు కొందరు ఇంటి ముందు పచ్చికను చిన్న బండి మీద కూర్చుని కోయడం మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. ఆ బండి కింది బ్లేడుకు ఒక ప్రత్యేకమైన వంపు ఉంటుంది. కోసిన గడ్డి బయటికి పోకుండా మూత కిందే తిరిగి తిరిగి మళ్లీ మళ్లీ తెగి, పొడిగా మారి అక్కడే రాలిపోతుంది. ఊడ్చే పని ఉండదు, కొంత ఎరువూ మిగులుతుంది. మన పొలంలో మల్చరు చేసేదీ ఈ పనే. అయితే మన దగ్గర తెగవలసింది మెత్తని పచ్చిక కాదు, బొటనవేలు లావు పత్తి కట్టె. కాబట్టి బ్లేడు మారాలి.

ఇక్కడ మూడు యంత్రాల మధ్య తికమక ఉంది. దుకాణంలోనూ ఈ తికమక పోదు. రోటవేటరు మట్టిని తిప్పుతుంది. స్లాషరుకు అడుగున పడుకున్నట్టు తిరిగే రెండు బరువైన కత్తులుంటాయి. అది కోస్తుంది గాని ముక్కలు పొడుగ్గా మిగిల్చి ఒక పక్కకు కుప్పగా పోస్తుంది. మల్చరులో అడ్డంగా ఒక రోటరు ఉంటుంది. దాని చుట్టూ పంగల్లో పిన్నులకు వేలాడే బ్లేడ్లు వరసగా ఉంటాయి. ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. గేరు పెట్టె, బెల్టుల ద్వారా ఆ వేగం పెరిగి రోటరు నిమిషానికి రెండువేల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. బ్లేడ్లు వేలాడుతూ ఉంటాయి కనుక రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి, వెంటనే విరగవు.

మల్చరు బ్లేడ్లు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి వై బ్లేడు. ఎల్ ఆకారంలో ఉన్న రెండు పలుచని కత్తులను వీపు వీపు చేర్చి బిగిస్తే వై అక్షరంలా కనబడుతుంది. ఇది అంచుతో కోస్తుంది. వరి గడ్డికి, గరికకు, జొన్న చొప్పకు, అరటి ఆకులకు ఇది బాగుంటుంది. బరువు తక్కువ కనుక ట్రాక్టరు మీద భారం తక్కువ, డీజిలు తక్కువ. ఒక వైపు అంచు అరిగితే చాలా రకాల్లో దాన్ని తిప్పి బిగించుకునే వీలు కూడా ఉంటుంది.

రెండోది సుత్తి బ్లేడు. ఒకే ముద్దగా, వెడల్పుగా, బరువుగా ఉంటుంది. ఇది కోసేది తక్కువ, కొట్టి చితగ్గొట్టేది ఎక్కువ. పత్తి కట్టెకు, కంది కట్టెకు, కొబ్బరి మట్టలకు, తోటల్లో కత్తిరించిన కొమ్మలకు ఇదే తగినది. రాళ్లున్న చేలల్లో వై బ్లేడు అంచు త్వరగా చిట్లిపోతుంది, సుత్తి కాస్త తట్టుకుంటుంది. దీన్ని ఆడించడానికి ఎక్కువ శక్తి కావాలి. చిన్న ట్రాక్టరుకు పెద్ద సుత్తి మల్చరు తగిలిస్తే ఇంజను మూలుగుతుంది, రోటరు వేగం పడిపోతుంది, ముక్కలు పెద్దవవుతాయి. 5, 6 అడుగుల వెడల్పు యంత్రానికి 45 అశ్వశక్తికి తగ్గని ట్రాక్టరు ఉండాలని నా సలహా.

సుత్తి బలమైనది కదా, గడ్డికీ అదే వేస్తే పోలేదా అని అడిగేవారున్నారు. పని జరుగుతుంది, కాదనను. కాని పలుచని వరి గడ్డి సుత్తి దెబ్బకు తెగడం కంటే పక్కకు వంగడమే ఎక్కువ. పెసర పప్పును రోకలితో దంచినట్టు ఉంటుంది. పొలంలో వరి ఎక్కువైతే వై, పత్తి గాని తోట గాని ఎక్కువైతే సుత్తి కొనండి. రెండూ సమంగా ఉంటే ఒక యంత్రం కొనకండి, రెండు రకాలను రెండు అదనుల్లో అద్దెకు తెచ్చుకోండి.

ఇప్పుడు చెప్పబోయే సంగతి చాలామంది పట్టించుకోనిది. అది బ్లేడ్ల బరువు. ఎనిమిదో తరగతి లెక్కే, చూడండి. బ్లేడు కొన తిరిగే వృత్తం వ్యాసం 45 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టుకొలత సుమారు 141 సెంటీమీటర్లు. నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే ఆ కొన నిమిషానికి 2,827 మీటర్లు పోతుంది. అంటే గంటకు దాదాపు 170 కిలోమీటర్లు! అలాంటి వేగంలో ఒక పక్క బ్లేడు ఎదుటి పక్క బ్లేడు కంటే 100 గ్రాములు తేలికైతే ఏమవుతుంది? ఆ తేడా రోటరును దాదాపు 100 కిలోల బరువు వేలాడినంత బలంతో ఒక పక్కకు లాగుతుంది. అదీ ప్రతి చుట్టులో, నిమిషానికి రెండువేల సార్లు. బేరింగులు ఎందుకు పోతున్నాయో, వెల్డింగులు ఎందుకు చీలుతున్నాయో ఇక వేరే చెప్పనక్కర లేదు. 100 గ్రాములకే ఇంత అయితే, కిలో బరువున్న సుత్తి ఒకటి ఊడిపోయాక కూడా "ఇంకో రెండు సాళ్లే కదా" అని నడపడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కాబట్టి ఒక బ్లేడు విరిగితే దాని ఎదుటి దాన్ని కూడా మార్చండి. అరిగిపోయిన పాత బ్లేడ్ల మధ్య ఒక్క కొత్తదాన్ని బిగించకండి. కిరాణా కొట్టు తక్కెడ మీద బ్లేడ్లన్నీ తూచి, సమానమైనవాటిని ఎదురెదురుగా జతపరచండి. గంట పని, అంతే. పదును పెట్టేటప్పుడు రెండు వైపులా సమంగా అరగదీయండి. గ్రైండింగు రాయి దగ్గర అంచు నీలం రంగుకు తిరిగితే ఆ ఇనుము చేవ పోయిందని అర్థం. మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ ఓపికగా చేయించండి. అరిగిన అంచుమీద వెల్డింగుతో ఇనుము పోయించడం చవకగా కనబడుతుంది. కాని ఒక్కో బ్లేడు మీద ఒక్కో బరువు చేరుతుంది, ఆ చోట పెళుసూ అవుతుంది. నేను దాన్ని మెచ్చను.

బోల్టుల విషయంలోనూ పొదుపు పనికిరాదు. తల మీద 8.8 గాని 10.9 గాని అంకె ఉన్నవి అడిగి తీసుకోండి. ఏ అంకె లేని మామూలు బోల్టు అక్కడ నిలవదు. బిగించాక బ్లేడు చేత్తో కదిపితే ఊయలలా ఆడాలి. ఆడకుండా పట్టేసిందంటే రాయి తగిలినప్పుడు మడుచుకోదు.

ఇక నడపడం. వాలు, నేల చూసుకున్నాక బ్లేడు కొన నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులో ఉండేట్టు వెనక రోలరును సరిచేయండి. మల్చరు మట్టిని తాకకూడదు. తాకిందంటే ఒక్క రోజులో అంచు మొద్దుబారుతుంది, దుమ్ము లేచి బేరింగులో చేరుతుంది. పి.టి.ఓ. పూర్తి వేగంలో, ట్రాక్టరు తక్కువ గేరులో, గంటకు రెండు మూడు కిలోమీటర్ల నడకలో పోవాలి. ముక్క చిన్నదిగా రావాలంటే నెమ్మదిగా పోవడమే మార్గం. మంచు ఆరని పొద్దున గడ్డి తడిగా ఉండి రోటరుకు చుట్టుకుంటుంది, కాబట్టి ఎండ కాస్త ఎక్కాక మొదలుపెట్టండి. కోత యంత్రం వెనక పడిన గడ్డి వరసను ముందు చెదరగొట్టాలి, లేకుంటే యంత్రం ఒక్కచోటే ఉక్కిరిబిక్కిరవుతుంది. పచ్చి కొబ్బరి మట్ట పీచు కూడా చుట్టుకుంటుంది. ఎండితే పెళుసుగా విరుగుతుంది, కొన్నాళ్లు ఆగండి. డ్రిప్పు గొట్టాలు, కంచె తీగ ముక్కలు, పాత చీరల దడి, అన్నీ ముందు రోజే ఏరేయండి. తీగ ఒక్కసారి రోటరుకు చుట్టుకుంటే సగం రోజు పోతుంది.

రోజు పోతే పోయింది, మనిషి పోకూడదు. గంటకు 170 కిలోమీటర్ల వేగంతో కొట్టే ఇనుముకు గులకరాయి తగిలితే అది తుపాకీ గుండే. వెనకా ముందూ వేలాడే గొలుసులు, రబ్బరు తెరలు ఆ రాళ్లను ఆపడానికే ఉన్నాయి. అడ్డంగా ఉన్నాయని విప్పేస్తున్నవారు దయచేసి మళ్లీ కట్టించండి. వంద మీటర్ల దూరంలో ఎవరూ ఉండకూడదు. మన బడి పిల్లలకు ట్రాక్టరు వెనక పరుగెత్తడం సరదా. యంత్రం దిగిన రోజు వారిని గట్టు మీద కూడా నిలవనీయకండి. తిరిగే షాఫ్టు దగ్గరికి పంచె, కండువా, చీర కొంగు పోకూడదు. పి.టి.ఓ. ఆపాక కూడా రోటరు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చెయ్యి పెట్టవలసి వస్తే ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటరు నిలిచేదాకా ఆగి, యంత్రం కింద దిమ్మె పెట్టాకే పెట్టండి.

పొడి చేశాక ఏమిటి? వరి గడ్డిలో కార్బను ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టినుంచే లాక్కుంటాయి. అందుకే వెంటనే నాటితే పైరు పసుపుపచ్చగా కనబడుతుంది. గడ్డి బాగోలేదని అప్పుడు నింద వేస్తాం. తేమ ఉండగా కొంచెం యూరియా చల్లి పైపైన కలియదున్ని, రెండు మూడు వారాలు గడువివ్వండి. కలియదున్నిన మర్నాడే నిండా నీరు పెట్టకండి, గాలి అందక కుళ్లు చెడు వాయువులుగా మారి వేళ్లను దెబ్బతీస్తుంది.

పత్తి కట్టె సంగతి వేరు. విడిపోని కాయల్లో, రాలిన పత్తిలో గులాబీ రంగు పురుగు దాక్కుంటుంది. 2017లో విదర్భలో దాని దెబ్బ ఎలా ఉందో ఆ వైపు శ్రోతలకు నేను చెప్పనక్కర లేదు. పంటను పొడిగించకుండా తీత ముగియగానే సుత్తి మల్చరుతో కట్టె చితగ్గొట్టి, మిగిలిన మోడును లోతు దుక్కిలో పెకలించాలి. మల్చరు ఒక్కటే చాలదు, మోడు మళ్లీ చిగురిస్తుంది.

యంత్రం కొనలేనివారు కర్ణాటకలో కృషి యంత్రధారె కేంద్రాల్లోను, తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగు శాఖలోను అద్దెకు అడగవచ్చు. ఫారాలు కన్నడంలోనో తమిళంలోనో ఉంటాయి. మల్చరు అన్న మాట అన్నిచోట్లా తెలుస్తుంది, కాని వచ్చేది ఏ బ్లేడుదో అందులో రాసి ఉండకపోవచ్చు. నోటితోనే "వైనా, సుత్తినా" అని అడగండి. బేరం ఎకరం లెక్కన కాకుండా గంట లెక్కన చేసుకోండి. ఎకరం లెక్కయితే డ్రైవరు పరుగెత్తిస్తాడు. కొందరు గంట లెక్కలో కావాలనే తాత్సారం చేస్తారు, నిజమే. కాని ముక్క సన్నగా పడుతుంది, మనకు కావలసింది అదే. యంత్రం పొలంలోకి దిగేముందు బ్లేడ్లు ఒకసారి లెక్కపెట్టండి, పైకెక్కేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. ఒకటి తగ్గితే అది మీ పొలంలోనే ఎక్కడో పడి ఉంది. రేపు దమ్ములో దిగేది మీ కాలో, మీ ఎద్దు కాలో కదా.